ప్రభు బల్ల దగ్గర ఎవరు కూర్చోవచ్చు? ఒహైయో నది ఒడ్డున ఒక చర్చి తగాదా

సిన్సినాటి నుంచి ఒహైయో నది వెంబడి ఎగువకు ఓ యాభై మైళ్లు వెళితే రిప్లీ అనే చిన్న ఊరు తగులుతుంది. జనాభా రెండు వేలు కూడా ఉండదు. ముందు నది, వెనక నిటారుగా లేచిన కొండ, ఈ రెండింటి మధ్య ఇరుకు చోటులో కొన్ని వీధులు. నదికి అవతల కనిపించేది కెంటకీ. 1865 వరకు ఈ ఒడ్డుకు ఒక చట్టం, ఆ ఒడ్డుకు ఇంకో చట్టం. 1787 నాటి నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్ నదికి ఉత్తరాన బానిసత్వాన్ని నిషేధించింది. దక్షిణాన కెంటకీలో మాత్రం మనిషిని కొనవచ్చు, అమ్మవచ్చు, అప్పుకు తాకట్టు పెట్టవచ్చు.

రిప్లీ పేరు అమెరికా చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది ఒక దీపం వల్ల. కొండ మీద ప్రెస్బిటేరియన్ (ప్రొటెస్టంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) పాస్టర్ జాన్ రాంకిన్ ఇల్లుండేది. రాత్రిళ్లు అక్కడ వెలిగే దీపం అవతలి ఒడ్డుకు కనిపించేది. పారిపోయి వచ్చిన బానిసలు నది దాటి, కొండెక్కి ఆ ఇంటి తలుపు తట్టేవాళ్లు. అన్నం పెట్టి, పొడి బట్టలిచ్చి, తెల్లవారేలోగా వాళ్లను ఉత్తరానికి దాటించేవాళ్లు. ఆ ఇల్లు ఇప్పుడు జాతీయ చారిత్రక కట్టడం. టూరిస్టులు వంద మెట్లెక్కి వెళ్లి చూసి వస్తుంటారు.

ఈ కథ నిజమే. అయితే దీపం దగ్గరే ఆగిపోతే రిప్లీ సంఘం చరిత్రలో అన్నిటికన్నా గట్టి భాగం చేజారిపోతుంది. రాంకిన్ నలభై నాలుగేళ్ల పాటు అక్కడ పాస్టర్‌గా ఉన్నాడు. ఆ కాలమంతా ఆయన బానిసలను వెంటాడే ముఠాలతో ఎంత పోరాడాడో, తన సొంత చర్చి వ్యవస్థతోనూ అంతే పోరాడాడు. ఆ పోరాటం ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: తోటి మనిషిని సొంత ఆస్తిగా పెట్టుకున్నవాడు ప్రభు బల్లలో, అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ సంఘం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారంలో, పాలుపొందవచ్చా? వినడానికి ఇది ఆదివారం ఉదయానికి సంబంధించిన చిన్న మాటలా ఉంటుంది. కానీ ఒక దేశవ్యాప్త చర్చి మూడు నాలుగు ముక్కలు కావడానికి ఈ ప్రశ్న కూడా ఒక కారణమైంది.

ఇది ఎలా జరిగిందో అర్థం కావాలంటే ప్రెస్బిటేరియన్ల పాలనా పద్ధతి కొంచెం తెలియాలి. ఆంధ్ర, తెలంగాణల్లో క్రైస్తవులకు బాప్టిస్టులు, లూథరన్లు బాగా పరిచయం. ప్రెస్బిటేరియన్ అనే బోర్డు తక్కువగానే కనిపిస్తుంది. నిజానికి 1947లో ఏర్పడిన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం)లో ఆ పాయ కూడా కలిసి ఉంది: 1908లో ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ భారత ఐక్య సంఘంగా ఏర్పడ్డారు, ఆ సంఘమే తర్వాత సి.ఎస్.ఐ.లో చేరింది. కాకపోతే సి.ఎస్.ఐ.కి బిషప్పులున్నారు. అసలు ప్రెస్బిటేరియన్లకు బిషప్ ఉండడు. సంఘ సభ్యులు తమలో నుంచి పెద్దలను ఎన్నుకుంటారు. పాస్టరు, ఆ పెద్దలు కలిసి కూర్చుంటే అది సెషన్. ఒక ప్రాంతంలోని సంఘాల పాస్టర్లు, పెద్దలు కలిస్తే ప్రెస్బిటరీ. దానిపైన సినడ్, అన్నిటికన్నా పైన, అప్పట్లో ఏటా జరిగిన జనరల్ అసెంబ్లీ. వీటిని వాళ్లు కోర్టులనే అనుకుంటారు. కింది కోర్టు తీర్పు నచ్చకపోతే పై కోర్టుకు అప్పీలు. పాస్టర్ మీద ఫిర్యాదు వస్తే విచారణ, సాక్షులు, ఓటింగ్, తీర్పు. అన్నీ మినిట్స్ పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకాన్ని పై కోర్టు తనిఖీ చేస్తుంది.

ఈ పద్ధతికి ఒక లాభం ఉంది. ఎక్కడో నది ఒడ్డున ఉన్న కుగ్రామం పాస్టర్ కూడా ఒక తీర్మానం రాసి, ప్రెస్బిటరీలో గెలిపించుకుని, దాన్ని ఫిలడెల్ఫియాలోనో పిట్స్‌బర్గ్‌లోనో జరిగే జాతీయ సభ ముందు పెట్టించగలడు. బాప్టిస్టు సంఘానికి ఆ దారి లేదు, ఎందుకంటే అక్కడ ఏ సంఘానికదే స్వతంత్రం. దీనికి నష్టం కూడా ఉంది, అది ఈ లాభం నుంచే పుట్టింది. ఉత్తరాది, దక్షిణాది సంఘాలన్నీ ఒకే జనరల్ అసెంబ్లీ కింద ఉన్నాయి. అక్కడ ఏ గట్టి మాట నెగ్గినా దక్షిణాది వాళ్లు లేచి వెళ్లిపోతారు. అందుకని ప్రతి ఏడాదీ చర్చ వచ్చేది, ప్రతి ఏడాదీ వాయిదా పడేది.

ఈ ఊగిసలాట కాగితాల మీదే కనిపిస్తుంది. ప్రెస్బిటేరియన్లకు లార్జర్ క్యాటకిజం అనే ప్రశ్నోత్తరాల పుస్తకం ఉంది. అందులో 142వ ప్రశ్న ‘దొంగిలకూడదు’ అనే ఆజ్ఞ గురించి. 1794లో ఆ జవాబు కింద ఒక వివరణ చేర్చారు. తిమోతికి రాసిన మొదటి పత్రికలో ‘మనుష్య చోరులు’ అన్న మాట ఉంది కదా, మనుషులను బానిసలుగా పట్టి ఉంచేవాళ్లంతా ఆ లెక్కలోకే వస్తారని ఆ వివరణ సారం. 1816లో దాన్ని తీసేశారు. రెండేళ్లకు, 1818లో, జనరల్ అసెంబ్లీ మరో ప్రకటన చేసింది. బానిసత్వం మానవ హక్కులను ఘోరంగా కాలరాసే పద్ధతని, దేవుని ధర్మశాస్త్రానికి పొసగనిదని అందులో గట్టిగానే చెప్పింది. వెంటనే, తొందరపడి విడుదల చేస్తే ఇంకా కీడు జరుగుతుందని, ఓపిక పట్టాలని కూడా చెప్పింది. అదే సభ జార్జ్ బోర్న్ అనే వర్జీనియా పాస్టర్‌ను పదవి నుంచి తొలగించడాన్ని ఖరారు చేసింది. ఆయన చేసిన నేరం ఏమిటంటే, తీసేసిన ఆ పాత వివరణ ప్రకారమే మాట్లాడటం: బానిసలను పెట్టుకున్నవాళ్లు మనుష్య చోరులని, వాళ్లు సంఘంలో ఉండకూడదని అనడం. పాపాన్ని ఖండించిన సభే ఆ పాపాన్ని పేరు పెట్టి ఎత్తి చూపినవాడిని బయటికి పంపింది. రాంకిన్ తర్వాతి జీవితమంతా ఈ రెండు తీర్పుల మధ్య సందులోనే నడిచింది.

దక్షిణాది నుంచి తరిమేసినవాళ్లు

బానిసత్వం మీద తిరుగుబాటు అనగానే బోస్టన్, న్యూయార్క్ గుర్తుకొస్తాయి. రిప్లీ ఉన్న బ్రౌన్ కౌంటీ ప్రెస్బిటేరియన్లలో మాత్రం చాలామంది దక్షిణాది బిడ్డలే. ఉత్తర ఐర్లండ్ నుంచి వచ్చిన స్కాట్స్-ఐరిష్ కుటుంబాలు పెన్సిల్వేనియా మీదుగా వర్జీనియా, కరోలినా, టెనెసీ, కెంటకీలకు పాకాయి. వాటిలో కొన్ని అక్కడి బానిసత్వాన్ని భరించలేక నది దాటి ఒహైయోకు వచ్చేశాయి. రిప్లీ ఊరికి ప్లాన్ వేసిన కల్నల్ జేమ్స్ పోగ్ కూడా వర్జీనియా మనిషే. 1812లో వేసినప్పుడు ఊరి పేరు స్టాంటన్. 1812 యుద్ధంలో పేరు తెచ్చుకున్న జనరల్ రిప్లీ పేరు మీద 1816లో మార్చారు.

రిప్లీకి నాలుగైదు మైళ్ల దూరంలో రెడ్ ఓక్ అనే పల్లె ఉంది. 1817 నాటి రాతి చర్చి అక్కడ ఇంకా నిలిచే ఉంది. దాని పాస్టర్ జేమ్స్ గిలిలాండ్ దక్షిణ కరోలినా నుంచి వచ్చాడు. 1796లో అక్కడ ఆయన్ని పాస్టర్‌గా నియమించేటప్పుడే బానిసత్వం గురించి పుల్‌పిట్ నుంచి మాట్లాడకూడదని చర్చి కోర్టు కట్టడి చేసింది. ఇంట్లో నలుగురితో అనుకోవచ్చు, ప్రసంగంలో మాత్రం వద్దు. కొన్నేళ్లు ఓర్చుకుని, 1805 ప్రాంతంలో ఆయన ఒహైయోకు వచ్చి రెడ్ ఓక్‌లో స్థిరపడ్డాడు.

రాంకిన్ దారి కూడా అలాంటిదే. 1793లో తూర్పు టెనెసీలో పుట్టాడు. శామ్యూల్ డోక్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టర్ నడిపిన కాలేజీలో చదివి, ఆ డోక్ మనవరాలు జీన్ లౌరీని పెళ్లి చేసుకున్నాడు. పాస్టరయిన కొత్తలో అణచివేత పాపమని ప్రసంగించేసరికి, ఇదే ధోరణి అయితే టెనెసీలో ఉండటం కుదరదని సంఘ పెద్దలు చెప్పేశారు. బయల్దేరి కెంటకీలోని కార్లైల్ వచ్చి నాలుగేళ్లున్నాడు. అక్కడ బానిసలకు చదువు నేర్పే సండే స్కూలు పెడితే గుంపులు వచ్చి చెదరగొట్టాయి. 1822 తొలి రోజుల్లో భార్యాబిడ్డలతో చలి నదిని దాటి రిప్లీలో దిగాడు. తర్వాత ఆ దంపతులకు పిల్లలు పదమూడు మంది అయ్యారు.

ఈ వలసను ఎత్తి చెప్పడానికి ఒక కారణం ఉంది. బానిసల యజమానులు ఎలా మాట్లాడతారో, బైబిల్లో ఏ వచనాలు చూపిస్తారో, ఎక్కడ సిగ్గుపడతారో వీళ్లకు బాగా తెలుసు. వాళ్లలో వీళ్ల సొంత చుట్టాలే ఉన్నారు. 1823లో రాంకిన్‌కు ఒక కబురు వచ్చింది: వర్జీనియాలో వ్యాపారం చేస్తున్న తమ్ముడు థామస్ బానిసలను కొన్నాడని. రాంకిన్ తమ్ముడికి వరసగా ఉత్తరాలు రాశాడు. అవి 1824 నుంచి రిప్లీ పత్రిక ‘క్యాస్టిగేటర్’లో అచ్చయ్యాయి, 1826లో పుస్తకంగా వచ్చాయి.

ఆ ఉత్తరాల్లో తిట్లు తక్కువ, తర్కం ఎక్కువ. నల్లవాళ్లు పుట్టుకతోనే తక్కువవాళ్లన్న వాదనను మొదట పట్టుకుంటాడు. రంగు చూసి పుట్టిన చులకనను తెలివి తక్కువతనానికి రుజువుగా చూపించడం ఏం న్యాయమని అడుగుతాడు. మరోచోట తననూ తన భార్యాబిడ్డలనూ బానిసలుగా ఊహించుకుంటాడు. కొరడా దెబ్బలు, అమ్మకం, విడిపోవడం అన్నీ తన ఇంట్లోనే జరిగినట్టు. తమ్ముడు మెత్తబడ్డాడు. 1827లో బానిసలను విడిచిపెట్టి ఒహైయోకు వచ్చేశాడు. 1832లో బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారుడు విలియం లాయిడ్ గారిసన్ ఈ ఉత్తరాలను బోస్టన్‌లో తన ‘లిబరేటర్’ పత్రికలో మళ్లీ వేశాడు. బోస్టన్‌లో మొదలై పడమటికి పాకిన ఉద్యమంగా దీన్ని చెప్పుకునేవాళ్లు ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. లిబరేటర్ మొదలైంది 1831లో, రిప్లీ ఉత్తరాలు అప్పటికే ఐదేళ్ల పుస్తకం.

ఊరంతా ఒకటి కాదు

ఇప్పుడు టూరిస్టు కరపత్రాలు చూస్తే రిప్లీ మొత్తం పారిపోయి వచ్చేవాళ్లకు అండగా నిలిచిందనిపిస్తుంది. అప్పటి ఊరి తీరు అలా లేదు. రిప్లీ బతికింది నది మీద. పడవలు కట్టడం, పందిమాంసం ఉప్పులో ఊరబెట్టి పీపాల్లో నింపి న్యూ ఆర్లీన్స్ వైపు పంపడం అక్కడి పెద్ద వ్యాపారాలు. సరుకు కొనేవాళ్లలో దక్షిణాది తోటల యజమానులుండేవాళ్లు. అవతలి ఒడ్డు కెంటకీ రైతులతో రోజువారీ లావాదేవీలు, వియ్యాలు కూడా. పాస్టర్ మాటల వల్ల బేరాలు పోతాయని భయపడేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. పట్టించి ఇచ్చి డబ్బు తీసుకునేవాళ్లూ ఉన్నారు.

ఒహైయో రాష్ట్రం కూడా స్వేచ్ఛా రాష్ట్రమన్న పేరుకు తగ్గట్టు లేదు. 1804, 1807 చట్టాల ప్రకారం నల్లవాళ్లు ఆ రాష్ట్రంలో ఉండాలంటే స్వేచ్ఛా పత్రం చూపించి పేరు నమోదు చేయించుకోవాలి, 500 డాలర్ల పూచీకత్తు పెట్టాలి. తెల్లవాళ్ల మీద కోర్టులో సాక్ష్యం చెప్పకూడదు. ఇవి చాలావరకు రద్దయింది 1849లో. పారిపోయినవాళ్లకు సాయం చేస్తే 1793 ఫెడరల్ చట్టం కింద 500 డాలర్ల జరిమానా. 1850లో చట్టం బిగించాక జరిమానా వెయ్యి డాలర్లకు పెరిగింది, పైగా ఆరు నెలల వరకు జైలు.

1838లో జాన్ మహన్ అనే మెథడిస్టు పాస్టర్‌ను బ్రౌన్ కౌంటీ నుంచి కెంటకీకి అప్పగించారు. బానిసలు పారిపోవడానికి తోడ్పడ్డాడని కేసు. చివరికి నిర్దోషిగా బయటపడ్డాడు. కారణం, ఆ నేరం జరిగిందన్న సమయంలో ఆయన కెంటకీలో లేడు, అక్కడి కోర్టుకు ఆయన మీద అధికారం లేదు. ఈ తీర్పు నది ఒడ్డు వాళ్లకు ఒక హద్దు గీసి చూపించింది. ఇవతల ఉండి సాయం చేస్తే చట్టంలో కొంత సందు ఉంది. అవతలికి వెళ్లి తీసుకొస్తే లేదు.

ఆ హద్దు దాటిన మనిషి జాన్ పార్కర్. 1827లో వర్జీనియాలో బానిస తల్లికి పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో అమ్మేశారు, గొలుసులతో కట్టి నడిపించుకుంటూ దక్షిణానికి తీసుకెళ్లారు. అలబామాలోని మొబైల్ అనే పట్టణంలో ఇనుప పోత పని నేర్చుకుని, సంపాదించిన డబ్బుతో 1845లో 1,800 డాలర్లకు తన్ను తాను కొనుక్కున్నాడు. కొన్నేళ్లకు రిప్లీ చేరి నది ఒడ్డునే ఫౌండ్రీ పెట్టాడు. పగలు పోత పని, రాత్రి పడవ వేసుకుని కెంటకీ వెళ్లి మనుషులను తీసుకురావడం. పొగాకును అదిమే ప్రెస్‌కు, మట్టి గడ్డలను చితక్కొట్టే యంత్రానికి తర్వాత పేటెంట్లు కూడా సంపాదించాడు. అప్పట్లో పేటెంట్ పొందిన నల్లవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది. పాస్టర్ ఇంటి దీపం కథ ఇంత పాకిందంటే కారణాల్లో ఒకటి ఆయన పాస్టర్ కావడం. పార్కర్ తీసుకున్న రిస్క్ దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. దొరికితే రాంకిన్‌కు జరిమానా, పార్కర్‌కు ఉరి లేదా మళ్లీ బానిస బతుకు.

పార్కర్ ఒక్కడే కాదు. శామ్యూల్ గిస్ట్ అనే ధనవంతుడి వీలునామా ప్రకారం విడుదలైన వందలాది వర్జీనియా బానిసలు 1819 ప్రాంతంలో బ్రౌన్ కౌంటీకి వచ్చి స్థిరపడ్డారు. వాళ్లకు దక్కిన భూములు పంటకు పనికిరాని చిత్తడి నేలలు. అయినా పారిపోయి వచ్చేవాళ్లకు ఆ గుడిసెలు ఆశ్రయమయ్యాయి. తెల్ల పాస్టర్ తలుపు కన్నా తమలాంటి వాళ్ల తలుపు తట్టడమే వాళ్లకు ముందు తోచే మాట.

ఇక ఇంకో కథ, అందరికీ తెలిసింది. 1838 చలికాలంలో ఒక స్త్రీ పసిబిడ్డను ఎత్తుకుని, కరగడం మొదలైన మంచు పలకల మీద నది దాటి రాంకిన్ ఇంటికి చేరింది. అప్పటి ఒహైయో నది ఇప్పటంత లోతు, వెడల్పు లేదు. 20వ శతాబ్దంలో కట్టిన ఆనకట్టల వల్లే నీళ్లు ఇలా నిలిచాయి. గట్టి చలి వస్తే అప్పట్లో ఒడ్డు నుంచి ఒడ్డుకు గడ్డకట్టేది. రాంకిన్ కొడుకులు ఆ రాత్రే ఆమెను రెడ్ ఓక్ వైపు దాటించారు. కొన్నేళ్లకు ఆమె మళ్లీ కెంటకీ వెళ్లి మిగతా పిల్లలను తెచ్చుకుందని ఆ కుటుంబం చెప్పుకొచ్చింది. ఆ కాలంలో సిన్సినాటిలో ఉన్న రచయిత్రి హారియట్ బీచర్ స్టో చెవిన ఈ సంగతి పడింది. 1852లో పుస్తకంగా వచ్చిన ఆమె నవల ‘అంకుల్ టామ్స్ కేబిన్’లో మంచు మీద నది దాటే ఎలైజా అలా పుట్టిందే. ఆ పుస్తకం మొదటి ఏడాదిలోనే అమెరికాలో మూడు లక్షల ప్రతులు అమ్ముడైంది. నిజంగా నది దాటిన స్త్రీ పేరు మాత్రం చరిత్రకు దక్కలేదు.

విచారణలు, వాకౌట్లు

స్టో తండ్రి లైమన్ బీచర్ సిన్సినాటిలో పాస్టర్లను తయారుచేసే ప్రెస్బిటేరియన్ సెమినరీ అధ్యక్షుడు. 1835లో ఆయన మీదే సిద్ధాంత విరుద్ధంగా బోధిస్తున్నాడన్న కేసు నడిచింది. ఆదాము పాపం మనుషులందరికీ ఎంత మేరకు అంటుతుంది, మారుమనస్సు పొందే శక్తి మనిషికి సొంతంగా ఉందా లేదా అన్నవి విచారణలో అంశాలు. నిర్దోషి అని తేలింది. ఈ తగాదాయే రెండేళ్లకు పెద్దదై చర్చిని చీల్చింది. 1837లో జనరల్ అసెంబ్లీలో పాతకాపుల పక్షం, అంటే ఓల్డ్ స్కూల్, మెజారిటీ సంపాదించి నాలుగు ఉత్తరాది సినడ్‌లను ఒక్క వేటుతో చర్చి నుంచి తీసేసింది. బయటపడ్డవాళ్లు న్యూ స్కూల్‌గా ఏర్పడ్డారు.

ఈ చీలికకు బానిసత్వం ఎంతవరకు కారణమన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకునే విషయం. కాగితాల మీద ఉన్నవి సిద్ధాంత భేదాలు, మిషన్ సొసైటీల మీద అదుపు ఎవరిదన్న గొడవ. ఓటింగ్ చూస్తే ఇంకోటి కూడా కనిపిస్తుంది. దక్షిణాది ప్రతినిధులు దాదాపు మూకుమ్మడిగా ఓల్డ్ స్కూల్ వైపు నిలిచారు, తీసేసిన సినడ్‌లు బానిసత్వ వ్యతిరేకులకు పట్టున్నవి. సిద్ధాంతమే అసలు కారణమని చెప్పేవాళ్ల మాటలో నిజముంది. కానీ సిద్ధాంతం గెలవడానికి కావలసిన ఓట్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడకుండా ఆ మాట పూర్తి కాదు.

రాంకిన్, గిలిలాండ్, శామ్యూల్ క్రోదర్స్ వంటి పాస్టర్లున్న చిల్లికాథే ప్రెస్బిటరీ అప్పటికే అసెంబ్లీకి తలనొప్పిగా తయారైంది. బానిసలను కొనడం, అమ్మడం, పెట్టుకోవడం పాపమని, అలాంటివాళ్లను ప్రభు బల్లకు దూరంగా ఉంచాలని తీర్మానాలు పంపుతూనే ఉండేది. పైన వాటిని పక్కన పెడుతూనే ఉన్నారు. 1845లో సిన్సినాటిలో కూడిన ఓల్డ్ స్కూల్ అసెంబ్లీ భారీ మెజారిటీతో తేల్చి చెప్పింది: బానిసలను కలిగి ఉండటం ఒక్కటే ఎవరినీ ప్రభు భోజనం నుంచి తప్పించడానికి కారణం కాదు. రిప్లీ నుంచి యాభై మైళ్ల దూరంలో పడిన తీర్పు ఇది.

రాంకిన్ ఉన్నది న్యూ స్కూల్‌లో. అక్కడ మాటలు మెత్తగా ఉండేవి, సానుభూతి తీర్మానాలు వచ్చేవి, కానీ బానిసల యజమానులను బయటికి పంపే నియమం మాత్రం రాలేదు. 1847లో రాంకిన్, ఆయనతో ఏకీభవించిన కొందరు పాస్టర్లు విడిపోయి ఫ్రీ ప్రెస్బిటేరియన్ చర్చి పెట్టుకున్నారు. ఇందులో బానిసల యజమానికి సభ్యత్వం లేదు, చర్చకు కూడా తావులేదు. చిన్న సంస్థ, ఎక్కువగా ఒహైయో, పెన్సిల్వేనియా పల్లె సంఘాలు.

ఈ అడుగు సరైనదా అని అప్పుడే ప్రశ్నలొచ్చాయి. ఉత్తరాది పాస్టర్లు వెళ్లిపోతే దక్షిణాది పెద్దలకు ఇంకా తేలికవుతుందని, లోపలే ఉండి పోరాడాలని చాలామంది అన్నారు. ఆ వాదన తీసిపారేయదగ్గది కాదు. కానీ లెక్క చూస్తే 1818 నుంచి 1847 వరకు లోపలే ఉండి పోరాడినా నియమం ఒక్క అంగుళం కదల్లేదు. రాంకిన్ విడిపోయాక పదేళ్లకు, 1857లో, న్యూ స్కూల్ కాస్త గట్టిగా మాట్లాడగానే దక్షిణాది సభ్యులు లేచి వెళ్లిపోయారు. ఐక్యత ఇన్నాళ్లు నిలిచింది మౌనం మీదేనని ఆ వాకౌట్ తేల్చింది. ఓల్డ్ స్కూల్ 1861లో ఉత్తర, దక్షిణాల మధ్య అంతర్యుద్ధం మొదలయ్యాక చీలింది.

రాంకిన్ కొడుకులు ఆరుగురు యూనియన్, అంటే ఉత్తరాది, సైన్యంలో పనిచేశారు. ఆ సైన్యానికి చివర్లో అధిపతి అయిన యులిసిస్ గ్రాంట్ కూడా ఈ కౌంటీవాడే. పెరిగింది పక్కనే జార్జ్‌టౌన్‌లో. వెస్ట్ పాయింట్ సైనిక కాలేజీకి వెళ్లడానికి ముందు 1838-39 చలికాలం రిప్లీలో రాంకిన్ నడిపిన అకాడమీలో చదివాడు. ఆ చదువు వల్లే గ్రాంట్ అలా తయారయ్యాడనడం మాత్రం అతి. ఆయన తండ్రికే బానిసత్వమంటే గిట్టదు.

యుద్ధం ముగిశాక ఫ్రీ ప్రెస్బిటేరియన్ చర్చికి ఉనికికి కారణం లేకుండా పోయింది. సంఘాలు పాత గూటికి చేరాయి. రాంకిన్ 1866లో రిప్లీ విడిచాడు, 1886లో ఐరన్‌టన్‌లో చనిపోయాడు, సమాధి మాత్రం రిప్లీలోనే. ఉత్తరాది ఓల్డ్, న్యూ స్కూళ్లు 1870 నాటికి కలిసిపోయాయి. ఉత్తరాది, దక్షిణాది చర్చిలు కలవడానికి 1983 వరకు పట్టింది. అప్పుడు ఆ చర్చి సభ్యులు దాదాపు 31 లక్షలు, 2024 నాటికి పది లక్షలకు కాస్త పైన. మిడ్‌వెస్ట్ చిన్న ఊళ్లలో రెండు మూడు సంఘాలు కలిసి ఒక పాస్టర్‌ను పెట్టుకోవడం మామూలైపోయింది.

రిప్లీ యుద్ధం తర్వాత పొగాకు మార్కెట్‌గా బతికింది. ప్రకాశం, గుంటూరు రైతులకు ‘బర్లీ’ పొగాకు కొత్త పేరు కాదు. తెల్ల బర్లీ రకాన్ని మొదట గుర్తించింది ఈ బ్రౌన్ కౌంటీలోనే, 1864లో, నారుమడిలో వింతగా పాలిపోయి మొలిచిన మొక్కల్లో. రెడ్ ఓక్ చర్చి సమాధుల తోటకు ఇంకో రకం పేరుంది. ఆంట్ జెమైమా పాన్‌కేక్ పిండి ప్రచారంలో ఆ పాత్ర వేసిన స్త్రీలలో ఒకరైన రోజా వాషింగ్టన్ రైల్స్ సమాధి అక్కడ ఉంది. బానిస కాలపు వంటమనిషి మూసను అమ్ముకుంటోందన్న విమర్శ ముదిరి, 2020లో ఆ కంపెనీ ఆ బ్రాండ్ పేరును వదులుకుంటున్నట్టు ప్రకటించింది.

ఏది రాసి ఉంది, ఏది లేదు

రాంకిన్ ఇంటి మీదుగా రెండు వేల మంది దాటారని చెబుతుంటారు. ఆ సంఖ్యకు లెక్కల పుస్తకం లేదు, ఉండే అవకాశమూ లేదు. పేర్లు రాసి పెట్టుకోవడమంటే పట్టుకోవడానికి వచ్చేవాళ్లకు జాబితా ఇచ్చినట్టే. దాచిన రాత్రులు, దారులు, గుర్తులు అన్నీ జ్ఞాపకాల్లో మిగిలాయి. ఒహైయో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ విల్బర్ సీబర్ట్ 1890ల్లో ఊరూరా ముసలివాళ్లను అడిగి, ఉత్తరాలు తెప్పించుకుని వాటిని పోగుచేశాడు. ఆయనకు జవాబిచ్చినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, పాస్టర్ల కొడుకులు, మనవలు. అందుకే చాలాకాలం ఆ చరిత్రలో పారిపోయినవాళ్ల కన్నా దాచినవాళ్లే ఎక్కువ కనిపించారు.

చర్చి తగాదాలు దీనికి పూర్తిగా భిన్నం. ఏ సభలో ఎవరు ఏ తీర్మానం పెట్టారు, ఎవరు బలపరిచారు, ఎన్ని ఓట్లు, ఎవరు నిరసన నమోదు చేశారు అన్నది మినిట్స్‌లో తేదీలతో సహా ఉంటుంది. 1852లో మొదలైన ప్రెస్బిటేరియన్ హిస్టారికల్ సొసైటీ ఫిలడెల్ఫియాలో అలాంటి పుస్తకాలను భద్రపరుస్తోంది. రిప్లీ గురించి దీపం కథ ఎక్కువగా, ప్రభు బల్ల కథ తక్కువగా వినిపించడం విచిత్రమే. ఆధారాలు గట్టిగా ఉన్నది రెండో దానికి.

పార్కర్ సొంత మాటలు 1880ల్లో ఫ్రాంక్ గ్రెగ్ అనే విలేకరి తీసుకున్న ఇంటర్వ్యూ వల్ల దక్కాయి. ఆ రాతప్రతి డ్యూక్ యూనివర్సిటీ లైబ్రరీకి చేరి, అచ్చుకు నోచుకోకుండా దశాబ్దాలు ఉండిపోయింది. 1996లో పుస్తకంగా వచ్చింది. ఆ మరుసటి ఏడాదే పార్కర్ ఇంటికీ, కొండ మీది రాంకిన్ ఇంటికీ కలిపి జాతీయ చారిత్రక కట్టడాలుగా గుర్తింపు ఇచ్చారు.